నీకేమవుతాడు?

పరాయి దేశం పోయి ఒక ఏడాది ఉండి వద్దామని సింధూజ చెప్పినప్పుడు, ఆమె మొగుడు మునిరాజ అడిగిన మొదటి మాట, "ఆడ టమోటాలు పండుతాయా?" అని.

తెలివితక్కువై అడిగిన మాట కాదు. మదనపల్లె మార్కెట్ యార్డులో ఒక మండీలో వేలం పాడే మనిషి అతను. పొద్దున్నే టమోటా పెట్టెల మధ్య నిలబడి ధర పాడాడంటే, అటు చివర లారీలో కునుకు తీస్తున్న డ్రైవరు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. ఏ ఊరి పేరు చెప్పినా అక్కడ టమోటా ఉందో లేదో తెలిస్తే గానీ అతనికి అది ఊరు కింద లెక్క కాదు. అంత గొంతున్నవాడు ఇల్లు చేరాక మాత్రం నోరు విప్పడం మానేశాడు. అన్నం పెడితే తినడం, పడుకోవడం, తెల్లారకముందే యార్డుకు పోవడం. అట్లాంటి మనిషి ఎదురు ప్రశ్న వేశాడంటే సింధూజకు అదే పండగలా అనిపించింది.

"పండుతాయంట. సముద్రం పక్కనే. ఎండ కూడా మన మాదిరే ఉంటాదంట," అంది.

"మన మాదిరే ఉంటే ఆడిదాకా పొయ్యేది యాల?"

దీనికి ఆమె దగ్గర జవాబుంది. చెప్పలేదు. అతనికీ ఆ జవాబు తెలుసు గనుక మళ్ళీ అడగలేదు.

ఆ జవాబు పేరు సుప్రజ. వాళ్ళ బిడ్డ. నడక నేర్చిన పిల్ల నడక మరిచిపోయింది, మాట నేర్చిన పిల్ల మాట మరిచిపోయింది, బడికి పోయే ఈడు రాకముందే కన్నుమూసింది. ఆ పిల్లను ఎత్తుకుని బెంగళూరు పెద్దాసుపత్రికి తిరుగుతున్న రోజుల్లో, డాక్టరు రిపోర్టులు తిరగేస్తూ తల ఎత్తకుండానే, "దగ్గర సంబంధమా?" అని అడిగాడు. ఇది రక్తంలోంచి వచ్చే జబ్బనీ, దగ్గరివాళ్ళు చేసుకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువనీ చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, ఉన్నమాటే అన్నాడు. ఉన్నమాటంటేనే కదా ఉలుకెక్కువ.

సంబంధం దగ్గరదే. ఇంకా దగ్గరకు జరగడానికి చోటు లేనంత దగ్గర. మునిరాజ సింధూజకు సొంత మేనమామ, తల్లి గంగాదేవికి తోడబుట్టిన తమ్ముడు. వాళ్ళది కుప్పం దిక్కున గుడుపల్లె పక్క పల్లె. అక్క కూతుర్ని తమ్ముడికి ఇవ్వడం అక్కడ వింత కాదు. ఇవ్వకపోతేనే, పిల్లలో ఏం లోపమని ఆరా తీస్తారు. ఈ పెళ్ళితో మునిరాజకు అక్కే అత్తయింది. సింధూజకు అవ్వే అత్తయింది. కొత్తగా నేర్చుకోవాల్సిన వరస ఒక్కటీ లేకపోయింది. నిన్నటిదాకా "మామా" అన్నదే, తాళి కట్టించుకుని మర్నాడు పొద్దున కూడా "మామా, కాఫీ" అంది. ఊరంతా దాన్ని చూసి ముచ్చటపడ్డారు.

డాక్టరు ఆ మాట అన్నాక ఆమె నోట్లోంచి ఆ పిలుపు పోయింది. మానుకుందామని మానుకున్నది కాదు. "ఇదో", "ఏమప్పా" అని నెట్టుకొచ్చేది. మునిరాజకు అది తెలుసు, తెలిసి తనేమీ అనలేదు. ఏమనగలడు? ఇద్దరిలో ఎవరూ ఎవరినీ తిట్టింది లేదు. తిట్టుకున్నా బాగుండేది. ఇద్దరూ లోలోపల తమనే తిట్టుకుంటూ ఒక కప్పు కింద బతికారు.

సింధూజ పని బొమ్మలు గీయడం. పిల్లల పుస్తకాలకు, పిల్లలు ఫోన్లలో ఆడుకునే ఆటలకు. విదేశాల్లోని ముగ్గురు నలుగురు పని పంపిస్తారు, ఆమె మదనపల్లెలో అద్దె ఇంటి ముందుగదిలో కూర్చుని గీసి పంపిస్తుంది. ఎవరి కిందా జీతానికి లేదు. దీన్ని ఫ్రీలాన్స్ అంటారని అవ్వ పాపమ్మకు ఒకసారి చెప్పబోతే ఆమె విని, "కూలికి పోతాండావా తల్లీ?" అంది. "ఇంట్లో కూసోని కూలి అవ్వా" అంటే, "ఎండ తగలదు గదా, మేలే" అని తీర్పు చెప్పేసింది. ఎండ తగలదన్నది నిజమే. కానీ బిడ్డ పోయిన నెలలోనే ఆమె రోజుకింత అని నవ్వే పిల్లల్నీ, గంతులేసే పిల్లల్నీ గీసి పంపాల్సి వచ్చింది. ఆ కష్టం ఏ ఎండకూ తీసిపోదు.

పని ఇచ్చే వాళ్ళలో ఒకావిడ మాటల్లో చెప్పింది, మా దేశంలో ఇలా కంప్యూటరుతో పనిచేసుకునే వాళ్ళకు ఏడాది ఉండే వీసా ఇస్తున్నారు, భార్యో భర్తో వెంట రావచ్చు అని. ఆ దేశం పేరు నేను చెప్పను. చెప్తే మీరు మ్యాపు తీసి వెతుక్కుంటూ కూర్చుంటారు. సముద్రముందని చెప్పానుగా, చాలు. అక్కడ "దగ్గర సంబంధమా" అని అడిగేవాళ్ళు ఉండరని సింధూజ నమ్మింది. ఆమెకు కావాల్సింది అదే. మదనపల్లెలో పాలు పోసే ఆవిడ నుంచి ఆటో అతని దాకా అందరికీ వాళ్ళ కథ తెలుసు; పలకరింపులోనే ఒక రకమైన జాలి కలిపి పోస్తారు. ఎవరూ ఏమీ ఎరగని చోట, ఉత్త మొగుడూ పెళ్ళాలుగా కొన్నాళ్ళు ఉండగలిగితే, ఒకరి మొహం ఒకరు మళ్ళీ తిన్నగా చూసుకోవచ్చేమో. ఆమెకున్న ఆశ అంతే. ఒక్కతే పోవాలని కలలో కూడా అనుకోలేదు.

"మండీలో జెప్పాల గదా. ఏడాదంటే," అన్నాడు మునిరాజ.

"జెప్పు."

"ఆడ నేనేం జేసేది?"

"నాకు టీ పెట్టు."

అతని పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. "సరే పా. పోదాం," అన్నాడు.

పెళ్ళాం కొంగు పట్టుకుని విమానమెక్కుతున్నాడని యార్డులో నవ్వారు. నవ్వితే నవ్వారు, నాపరాళ్ళు కావు కదా మీద పడటానికి అన్నట్టు ఊరుకున్నాడు.

*

కాగితాల పని మొదలైంది. ఆ పని చూసి పెట్టింది నీరజ. కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు సింధూజతో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల. ఇప్పుడు బెంగళూరులో వీసా కాగితాలు తయారుచేసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో ఉంది. పని ఇచ్చే కంపెనీల ఉత్తరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సు, పోలీసుల సర్టిఫికెట్టు, అన్నీ ఫోన్లో చెప్పి చివర, "మీ మ్యారేజ్ సర్టిఫికెట్ ఉండాది గదా?" అంది.

లేదు. పెళ్ళికి ఊరు ఊరంతా వచ్చి భోంచేసింది. ఇక రిజిస్టరు చేయించాలని ఎవరికి తోస్తుంది? ఇంట్లో పిల్లను ఇంట్లోనే ఇచ్చుకున్నదానికి సర్కారు సాక్ష్యం ఎందుకు?

అందుకని ఇద్దరూ కుప్పం పోయారు. బిడ్డ పోయాక ఇద్దరూ కలిసి ఒక బస్సెక్కింది అదే మొదలు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "పెండ్లికి ముందు ఈయప్ప నీకేమవుతాడమ్మా?" అని అడిగాడు. సింధూజ నేల చూపులు చూస్తూ, "మామ," అంది.

"సొంత మామా, వరస మామా?"

"సొంత మామే."

"మంచిదమ్మా. మాదీ అంతే," అని గుమాస్తా ముద్ర గుద్ది కాగితం చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక మునిరాజ ఆ కాగితాన్ని ఎండకు పట్టి, నోటు మంచిదో దొంగదో చూసినట్టు చూశాడు. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. "బాగుండాది," అన్నాడు. ఆ రోజు హోటల్లో అతను ఆమెకు అడగకుండానే రెండో దోసె చెప్పాడు. ఆమె తినేసింది.

ఇట్లా తిరిగి తిరిగి వాళ్ళు కాస్త మనుషుల్లో పడ్డారు. ఏ కాగితం యాడ పెట్టినావు, ఆ సంతకం సరిగ్గా పడిందా, జిరాక్సు ఎన్ని తీసేది, ఇవీ వాళ్ళ మాటలు. ప్రేమ మాటలు కావు. కానీ ఎండిన బోరులో ముందు గాలి వస్తుంది, తర్వాత బురద వస్తుంది, ఆ తర్వాతే నీళ్ళు. వాళ్ళకు బురద దాకా వచ్చింది.

తర్వాత నీరజ ఫొటోలు అడిగింది. "మీరిద్దురూ నిజంగా మొగుడూ పెండ్లాలేనని వాళ్ళకు నమ్మకం కుదరాల. వీసా కోసరం పెండ్లి జేసుకునేవాళ్ళు ఉంటారు గదా. పెండ్లికి ముందువి, పెండ్లివి, తర్వాతవి, ఏమున్నా పెట్టు. ఎంత పాతవైతే అంత మంచిది."

ఫొటోల కోసం పుంగనూరు పోయారు. గంగాదేవి ఇప్పుడు అక్కడ బస్టాండుకు దగ్గర్లో ఉంటుంది. కూతుర్నీ తమ్ముణ్ణీ ఒకే గడపలో చూసి ఆమెకు చేతులు ఆడలేదు. ఒకరికి కాఫీ ఇచ్చి ఇంకొకరికి మరిచిపోయింది. బీరువాలోంచి ఫొటోల డబ్బా తీసి మంచం మీద బోర్లించి, వాటిని చూడకుండా కూతురి మొహమే చూస్తూ నిలబడింది.

"సింధూ," అంది ఉన్నట్టుండి. "బయటోళ్ళకిస్తే నిన్నెట్ల సూస్తారో అని తమ్ముడికిచ్చినా. నా బిడ్డ నా ఇంట్లోనే ఉంటాదని. నేను జేసిందే ఇది. వాడు నిన్ను బాగా సూసుకున్నాడు గదా? అంతమాత్రం జెప్పు తల్లీ."

మునిరాజ అక్కడే ఉన్నాడు. ఫొటోల మీది నుంచి తల ఎత్తలేదు.

"సూసుకున్నాడు మా," అంది సింధూజ. ఆ మాట అంటుంటే ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి, ఎందుకంటే అది నిజం. ఆసుపత్రి వరండాల్లో బిడ్డను భుజాన వేసుకుని తిరిగింది అతనే. ఆమె చేయి నొప్పి పుడుతుందని ఒక్కరాత్రి కూడా ఆమెను ఎత్తుకోనివ్వలేదు. ఈ మాట ఇన్నాళ్ళూ తానెందుకు అనలేదో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడు మునిరాజ ఒక ఫొటో పైకెత్తాడు. "ఇదో! ఇది పెట్టు!"

రంగు వెలిసిన ఫొటో. మన దిక్కున ఆడపిల్లకు చెవులు కుట్టాలంటే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. మామ లేకపోతే ముహూర్తమైనా వాయిదా వేస్తారు గానీ ఇంకొకరి ఒళ్ళో కూర్చోబెట్టరు. పదేళ్ళ మునిరాజ నెత్తికి నూనె పూసుకుని, కొత్త తువ్వాలు కప్పుకుని బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ఏడాది పిల్ల సింధూజ నోరంతా తెరిచి ఏడుస్తోంది. చెవి దగ్గర కంసాలి చెయ్యి. తమాషా ఏమిటంటే ఆ పిల్లకంటే గట్టిగా మునిరాజ ఏడుస్తున్నాడు.

"సూది దీనికి, ఏడుపు వీడికి," అని గంగాదేవి నవ్వింది. "రక్తం సూసి వీడు వక్క పలుకంత కూడా అన్నం తిన్లేదు ఆపొద్దు."

"పెండ్లికి ముందు ఫొటో కావాలనె గదా ఆ పిల్ల," అన్నాడు మునిరాజ, యార్డు గొంతుతో. "ఇంత ముందు ఫొటో ఎవురికుంటాది? ఇంతకన్నా ప్రూఫేముండాది? దొంగ పెండ్లి జేసుకునేవాడు పదేండ్లప్పుడే ఎత్తుకోని కూసుంటాడా?"

సింధూజ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల్లి మీదకు ఒరిగి మరీ నవ్వింది. ఆ సాయంత్రం తిరుగు బస్సులో చలిగాలి కొడుతుంటే, "మామా, కిటికీ మూసెయ్," అంది. అనేసి తనే బిత్తరపోయింది. మునిరాజ కిటికీ మూశాడు. తర్వాత మదనపల్లె వచ్చేదాకా ఆ అద్దం మీద నుంచి చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు, అది మళ్ళీ తెరుచుకుంటుందేమోనన్నట్టు.

అన్ని ఫొటోల కిందా రెండు ముక్కలు రాయాలి. దీని కింద సింధూజ ఇంగ్లీషులో రాసింది: నా చెవులు కుట్టిన రోజు. నన్ను ఎత్తుకున్నది నా భర్త. మా అమ్మ తమ్ముడు.

చదువుకున్న పిల్ల. లోకం తెలిసిన పిల్ల. డాక్టరు మాటకు అంత నలిగిన పిల్ల. రాస్తున్నప్పుడు ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. ఎందుకంటే ఆ రోజు ఆమె సంతోషంగా ఉంది.

*

బెంగళూరు పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చారు. కొన్ని వారాలకు ఒక మెయిలు వచ్చింది. ఆ చెవులు కుట్టే ఫొటోలో ఉన్న అబ్బాయి, దరఖాస్తులో ఉన్న భర్త ఒకరేనా? పెళ్ళికి ముందు మీ ఇద్దరి రక్తసంబంధం ఏమిటి? వివరంగా తెలపండి.

సింధూజ నీరజకు ఫోన్ చేసింది. ఆ మెయిలు చదివి వినిపించింది.

"ఆ ఫొటో నువ్వు సూసినావా నీరజా, పంపించేముందు?"

"సూసినా సింధూ," అంది నీరజ. "ఇదే పని జేస్తాండాను గదా నేను. ఎంతమంది కాగితాలు సూసింటాను. ఆ ఫొటో సూసి, ఎంత బాగుండాదో అనుకున్నా. మా అమ్మకి కూడా సూపిచ్చినా. అంతే. ఇంకేమీ తోసలేదు. మా నాయన మా అమ్మకి మామే గదా."

మరి ఇప్పుడేం చేయాలి? నీరజే మెల్లగా చెప్పింది. ఆ దేశంలో మేనమామను చేసుకోవడం చెల్లదు. కింద రాసింది పొరపాటు, ఫొటోలో ఉన్నది వేరే చుట్టాల పిల్లాడు అని రాసేస్తే పోతుంది. సర్టిఫికెట్టులో తల్లిదండ్రుల పేర్లున్నాయి గానీ, అంత దూరం లాగరు.

ఫోను స్పీకర్లో ఉంది. మునిరాజ వింటున్నాడు. "రాసెయ్," అన్నాడు వెంటనే. "ఫొటోలో పిల్లోడు ఎవురైతే ఏమి? ఎవురో పిల్లోడు. రాసెయ్ సింధూ."

సింధూజ రాయడానికి కూర్చుంది. ఫొటోను తెర మీద పెద్దది చేసింది. ఏడుస్తున్న ఆ పదేళ్ళ పిల్లవాణ్ణి చూసింది. వీడు నా మొగుడు కాడు అని రాయాలి. డాక్టరు అడిగిన నాటి నుంచి ఎవరడిగినా ఆమె తల దించుకుంది. దూరపు చుట్టమని కొందరికి అబద్ధం కూడా చెప్పింది. ఆ దించుకోవడాలన్నీ అతను పక్కన నిలబడి చూశాడు. ఇంకొకసారి అతన్ని కాదనడానికి ఆమెకు చేతులు రాలేదు.

"నేను రాయను," అంది. "ఉన్నదే రాస్తా మామా. మనమేం తప్పు జేసినాం?"

ఒక పేజీ రాసింది. మా ఊళ్ళలో తల్లి తర్వాత తల్లి అంతటివాడు మేనమామ అని రాసింది. మా సర్కారే ముద్ర వేసి ఇచ్చిన పెళ్ళి ఇది అని రాసింది. మాకొక పాప పుట్టింది, పోయింది అని రాసింది. దాన్ని తెలుగులో చదివి వినిపిస్తే మునిరాజ కూర్చుని విన్నాడు. చివర, "బాగా రాసినావు," అని లేచి కొళాయి దగ్గరకు పోయి మొహం కడుక్కున్నాడు. సరిగ్గా ఆ పూటకు వాళ్ళిద్దరూ ఏ దేశమూ పోనక్కర్లేనంత దగ్గరగా ఉన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలియలేదు.

*

జవాబు ఒక ఆదివారం మధ్యాహ్నం కనబడింది. రెండు మెయిళ్ళు. సింధూజకు వీసా వచ్చింది. మునిరాజకు రాలేదు.

"ఏమని రాసినారు?" అన్నాడు అతను.

"మన పెండ్లి వాళ్ళు ఒప్పుకోరంట."

"యాల? పెండ్లికి వాళ్ళను పిలిసి అన్నం పెట్టలేదనా?"

ఆమె నవ్వలేదు. "మేనమామ మొగుడు కాలేడంట వాళ్ళ చట్టంలో. మనం మొగుడూ పెండ్లాలం కాదంట."

మునిరాజ ఆ తెరకేసి చూశాడు. అతనికి ఇంగ్లీషు కూడబలుక్కుంటే వస్తుంది. ఒక్కొక్క పదం మీద వేలు పెట్టుకుంటూ పోయి, తన పేరు దగ్గర ఆగాడు. ఆ పేరు పక్కన భర్త అన్న మాట లేదు. చొక్కా వేసుకుని, ఆదివారం పూట పనేమీ లేకపోయినా యార్డుకు పోయాడు.

మళ్ళీ ఇంట్లో మాటలు నిలిచిపోయాయి. ఈసారి ముందటికన్నా అన్యాయంగా ఉంది, ఎందుకంటే మధ్యలో కొన్నాళ్ళు బాగుండటం ఎట్లా ఉంటుందో తెలిసిపోయింది. సింధూజకు కోపం వచ్చేది. ఆ దేశం మీద కాదు. ఆ చట్టం రాసినవాళ్ళు చెప్పేదీ డాక్టరు చెప్పినదీ ఒకటే కదా అని తోచినప్పుడు తన మీదే వచ్చేది. నిజం రాశాను, నిజం రాసి అతని చేతిలోంచి భర్త అన్న పేరు కూడా లాగేశాను అనుకుంది. నోట్లోంచి "మామా" పోయి మళ్ళీ "ఇదో", "ఏమప్పా" వచ్చాయి.

వీసా వదులుకుంటానని తనే నీరజకు చెప్పేసింది. అది విన్న రోజు మునిరాజ మండీ నుంచి పెందలాడే వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడి మాట్లాడాడు.

"నువ్వు పో సింధూ."

"నువ్వు లేకుండా నేను యాడికీ పోను."

"ఈడుండి ఏం జేస్తావు? నా మొగం సూసినప్పుడల్లా నీకు ఆ డాక్టరే గుర్తొస్తాడు. నాకు తెలీదా? నీ మొగం సూస్తే నాకూ అంతే. బిడ్డ పోయింది నా వల్లనే అని ఒక మూట ఉండాది నా నెత్తిన. అది ఎట్లైనా దిగదు. నువ్వు పోకుండా నిలిసిపోతే, ఇదీ నా వల్లనే అని ఇంకొకటి ఎత్తుకోవాల. రెండు మొయ్యలేను. ఒకటన్నా దించు."

"నీ వల్ల కాదు మామా. మనిద్దరి వల్ల."

"సరే. మనిద్దరి వల్ల. నువ్వు పోయి నీ సగం ఆ సముద్రంలో ఏసి రా."

ఆమె అతని ముందే నేల మీద కూర్చుని ఏడ్చింది. అతను కూర్చోలేదు. పోనివ్వక తప్పదని నిశ్చయించుకుని వచ్చాడు. పక్కన కూర్చుంటే ఆ నిశ్చయం జారిపోతుందని భయం. పాపం, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

పోవడం ఖాయమైంది. అప్పుడే నీరజ మళ్ళీ ఫోన్ చేసింది. ఆమెకు నిద్ర పట్టడం లేదట, ఆ నియమాలన్నీ మొదటినుంచీ చదివిందట. ఒక దారి ఉంది. ఏడాది ఉండటానికి కాదు, చూసి పోవడానికి. చుట్టపు చూపుగా వచ్చేవాళ్ళకు మూడు నెలల వీసా ఇస్తారు. అక్కడ ఉన్న మనిషి పిలవాలి, పిలిచిన మనిషికి వచ్చేవాడు ఏమవుతాడో చెప్పాలి.

"మొగుడని రాయొద్దు," అంది నీరజ. "పాత ఫైలు తీసి మళ్ళీ కాదంటారు. మేనమామ అని రాయి. అది వాళ్ళే ఒప్పుకున్న మాట గదా. ఏ పేచీ ఉండదు. ఖచ్చితంగా వస్తాది."

సింధూజ ప్రయాణానికి ముందే అది పూర్తి చేసి పెట్టుకుందామని ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. పేరు, ఊరు, పుట్టిన తేదీ. చేసే పని: టమోటా మండీలో వేలం. తర్వాత ఆ గడి వచ్చింది. మిమ్మల్ని ఆహ్వానిస్తున్న వ్యక్తికి మీరు ఏమవుతారు? నొక్కితే కిందికి ఒక వరస జారింది. తండ్రి, తల్లి, భర్త, సోదరుడు, మామ, స్నేహితుడు.

సింధూజ చెయ్యి ఆగిపోయింది.

"రాయి," అన్నాడు మునిరాజ. "అబద్ధం కాదు గదా."

"మామా..."

"అదే. అదే నొక్కు."

ఆమె నొక్కింది. గడిలో ఆ మాట కూర్చుంది. మునిరాజ ఊపిరి వదిలి, బాగుంది అన్నట్టు తల ఊపాడు. మూడు నెలలంటే తక్కువేం కాదని, టమోటా సీజను అయిపోయాక వస్తానని, అక్కడి మార్కెట్టు కూడా చూసినట్టు ఉంటుందని ఏదేదో అన్నాడు. ఆమె మిగతా గడులు నింపుతూ పోయింది. అతను వేళ్ళు ముడిచి విప్పి ఏదో లెక్క కట్టాడు. వరసలు కట్టడంలో ఆ ఊళ్ళవాళ్ళు తప్పు పోరు.

"సింధూ," అన్నాడు. "నేను నీకు ఉత్త మామనే అయితే, మన సుప్రజకి నేను తాతనవుతా. కాదా?"

సింధూజ చేతులు కంప్యూటరు మీది నుంచి తీసేసింది. ఆ లెక్కలో తప్పు లేదు. తప్పుంటే బాగుండునని ఆమె మళ్ళీ మళ్ళీ కట్టి చూసింది.